అందం సరే, తడి సంగతేంటి?

స్కాట్లండ్ ఆర్కిటెక్ట్ చార్లెస్ రెనీ మెకింతోష్ హెలెన్స్‌బరో ఊళ్లో కట్టిన హిల్ హౌస్ అనే ఇంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదని మీ వ్యాసంలో రాశారు. అందం విషయంలో ఒప్పుకుంటాను. కానీ 1904లో పూర్తయిన ఆ ఇల్లు వందేళ్లకు పైగా నీళ్లు పీలుస్తూనే ఉంది. ఎప్పుడూ వానలు పడే స్కాట్లండ్ పడమటి తీరంలో, పాత పద్ధతి సున్నం వదిలేసి అప్పటికి కొత్తదైన పోర్ట్‌లాండ్ సిమెంట్ పూత పూయించాడాయన. బీటల్లోంచి లోపలికి దిగిన తడి మళ్లీ బయటికి పోయే దారి లేదు. చివరికి 2019లో ఇంటి మొత్తానికీ ఇనప గొలుసు జాలీతో పెద్ద పెట్టె కట్టి, లోపల ఆరబెడుతున్నారు. నాకు ఇది బాగా తెలిసిన బాధ. మోడర్న్ లుక్ అంటూ మేస్త్రీ వద్దంటున్నా వినకుండా మా ఇంటికి సన్‌షేడ్లు పెట్టించలేదు. రెండో వానాకాలానికే కిటికీల కింద పెయింట్ బుడగలు కట్టింది, గోరుతో గీరితే ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలింది. మెకింతోష్ గొప్పవాడే, ఆ గోడలు తీర్చిదిద్దిన తీరు చూస్తే ఇప్పటికీ కుళ్లు పుడుతుంది. అయితే ఆ తడి సంగతి కూడా మీరు ఒక పేరా రాయాల్సింది.