షుగర్ మీద పీహెచ్‌డీ

మా మేనల్లుడు బెంగళూరులో షుగర్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాడని మా చెల్లెలు వుయ్యూరులో నోరు జారింది. ఆ రోజు నుంచే మొదలైంది అసలు గొడవ. ఊళ్లో సగం మంది వాడికి అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమనుకున్నారు. మిగతా సగం తమ ఫాస్టింగ్ రిపోర్టులు వాట్సాప్‌లో వాడికి పంపారు. అయిదో ఏడు నడుస్తోంది. ఉద్యోగమూ రాలేదు, ఒక్కరికీ షుగర్ తగ్గలేదు. మారతహళ్లిలో ఇరవై రెండేళ్లుగా కాపురం ఉంటున్న బాధ్యత గల మేనమామగా నేనే విచారణ జరిపాను. తేలిన సంగతులు లోకం ముందు పెడుతున్నాను.

ముందుగా, వాడు పట్టుకున్నది మన షుగర్ కాదు, బ్యాక్టీరియాది. న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే కొన్ని క్రిములు ఒంటి నిండా చక్కెర గొలుసులు కప్పుకుని తిరుగుతాయట. ఆ దుప్పటిని ఒళ్లు గుర్తుపడితే క్రిమిని పట్టుకుంటుంది. కానీ రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు వట్టి చక్కెరను పెద్దగా పట్టించుకోదు. అదే చక్కెరను ధనుర్వాతం టీకాలో వాడే ప్రొటీన్‌కి అతికించి పంపితే మాత్రం లేచి కూర్చుంటుంది. తెలిసినవాళ్ల చేత ఫోన్ చేయించందే ఫైలు కదలదన్నమాట. 1929లోనే న్యూయార్క్‌లో గోబెల్, ఏవరీ అనే ఇద్దరు చక్కెరను ప్రొటీన్‌కి అతికించి ఈ కిటుకు చూపించారట. మన ఆఫీసులకు ఒక్కసారి వచ్చి ఉంటే ల్యాబు ఖర్చు మిగిలేది.

"ఆ చక్కెరేదో బ్యాక్టీరియా దగ్గరే తీసుకోవచ్చుగా?" అని అడిగాను. తీసుకుంటున్నారట. పెద్ద పెద్ద ట్యాంకుల్లో క్రిముల్ని పెంచి, గొలుసులు వేరుచేసి, శుభ్రం చేసి టీకాలు కడుతున్నారు. హైదరాబాద్‌లో తయారయ్యే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, అంటే ప్రొటీన్‌కి అతికించినది, అలాంటిదే. కాకపోతే అలా వచ్చిన గొలుసులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మావాడికి సరిగ్గా ఆరు చక్కెరలు, సరిగ్గా అదే వరసలో కావాలి, అదీ సొంతంగా చేసుకోవాలి. పాల ప్యాకెట్ గుమ్మంలోకి వస్తుంటే గడ్డి దగ్గర్నించి మొదలుపెట్టి గ్లాసులో పాలు తయారుచేస్తానన్నట్టుంది.

కుదిరే పనేనా అంటే క్యూబా పేరు చెప్పాడు. విసెంటే వెరెజ్ బెంకోమో అనే ఆయన బృందం మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ అనే బ్యాక్టీరియా చక్కెరను ల్యాబులోనే తయారుచేసి, టీకాగా మార్చి, 2004లో లోకానికి ప్రకటించింది. ఇందులో నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. క్యూబా చెరకు దేశం, వాళ్లకది వెన్నతో పెట్టిన విద్య. ఆ లెక్కన వుయ్యూరు కుర్రాడు ఇంత ఆలస్యం చెయ్యడమే ఆశ్చర్యం.

ఆలస్యం ఎందుకో చూద్దామని ఒక ఆదివారం ల్యాబుకి వెళ్లాను. ఒక్కో చక్కెరకి నాలుగైదు చేతులుంటాయట. ఒక చెయ్యి కలపాలంటే మిగతావన్నీ కట్టెయ్యాలి. కలిపాక విప్పాలి, మళ్లీ ఇంకో చెయ్యి కోసం కట్టాలి. ఇచ్చే చక్కెరను డోనర్ అంటారు, పుచ్చుకునేదాన్ని యాక్సెప్టర్ అంటారు. కన్యాదానమే, కాకపోతే ముహూర్తం సున్నాకి నలభై డిగ్రీల కింద. బయట బెంగళూరు వాన. గాల్లో తేమ లోపలికి దూరిందంటే డోనర్ వెళ్లి నీళ్లని కట్టుకుంటుంది. యాక్సెప్టర్ పీటల మీదే మిగిలిపోతుంది.

ఆ రోజు తేమ దూరలేదు. చక్కెరలు కలిశాయో లేదో చూడ్డానికి మావాడు బొటనవేలంత పలక మీద చుక్క పెట్టాడు. దాన్ని కాసేపు ద్రావకంలో నిలబెట్టి, ఆరబెట్టి, యాసిడ్ కలిపిన ద్రవంలో ముంచి హాట్ ప్లేట్ మీద వేశాడు. చక్కెర మాడి నల్లమచ్చలు తేలాయి. పాకం మాడితే మా ఆవిడ నన్ను తిడుతుంది. వీళ్లకి మాడితేనే ఫలితం. మచ్చలు రెండు, ఒకదాన్నొకటి అంటుకుని. వాడి మొహం వాడిపోయింది.

"ఆల్ఫా, బీటా రెండూ వచ్చాయి మావయ్యా."

"రెండొస్తే మంచిదేగా?"

అవే పరమాణువులు, అదే బరువు. ఒక బంధం కిందకి ఉంటే ఆల్ఫా, పైకి ఉంటే బీటా. క్రిమి వాడేది ఒక్కటే, రెండోది పనికిరాదు. విడదీయడానికి గాజు గొట్టంలో సిలికా నింపుకుని కూర్చున్నాడు. నేను రాత్రి ఎనిమిదింటికి బయల్దేరేసరికి నలభయ్యో టెస్ట్ ట్యూబు నిండుతోంది. పొద్దున్న ఫోన్ చేస్తే ఇంకా అక్కడే ఉన్నాడు.

బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ని, లెక్క వేశాను. ఆ ఆరు చక్కెరల గొలుసు పూర్తవడానికి మొత్తం నలభై మెట్లు. ఒక్కో మెట్టులో నూటికి తొంభై చేతికొచ్చినా చివరికి మిగిలేది నూటికి ఒకటిన్నర. ఎనభయ్యే వస్తే పదివేలకు ఒకటి. ఈ రాబడి చూపించి ఎవరైనా లోనుకొస్తే నేనైతే మంచినీళ్లు కూడా ఇచ్చి ఉండను. ప్రభుత్వం మాత్రం నెలకు 42,000 ఫెలోషిప్ ఇస్తోంది. అయిదేళ్లు దాటితే అదీ ఆగుతుంది, గొలుసు ఎంతవరకొచ్చిందని ఎవరూ అడగరు.

పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రి "ప్యాకేజీ ఎంత బాబూ?" అన్నాడు. వీడు చెప్పాడు. "నెలకా, వారానికా?" అన్నాడాయన. తర్వాత కాఫీ వచ్చింది. అందులో చక్కెర తక్కువైందని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది.

మొన్న మనవరాలికి పద్నాలుగో వారం టీకాలు. మేనల్లుడూ వెంట వచ్చాడు. కార్డు చూసి, వాడి మొహం మళ్లీ వెలిగింది. "ఈ అయిదు జబ్బుల పెంటావాలెంట్‌లో హిబ్ ఉంది అత్తయ్యా, పక్కది న్యుమోకోకల్. రెండూ చక్కెర అతికించినవే" అన్నాడు.

మా ఆవిడ పాపను గుండెకి అదుముకుంది. "రెండు వైపులా షుగర్ ఉన్న వంశం. పసిగుడ్డుకి ఇప్పట్నించే ఎందుకురా? షుగర్‌ఫ్రీది ఉందేమో అడుగు."

వాడు నా వైపు చూశాడు. ప్రశ్న న్యాయమైనదే అనిపించి, నేనే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగాను.