టీట్ సొక్‌ని ఫ్లాప్ కోచ్ అంటే నాకు ఒళ్లు మండుతుంది

మొన్న లంచ్ టైంలో బాస్కెట్‌బాల్ మీదికి మాట మళ్లింది. ఒకతను ఎస్టోనియా కోచ్‌గా చేసిన టీట్ సొక్ గురించి ఫోన్‌లో ఏదో చూసి తేల్చేశాడు: "ఒలింపిక్ గోల్డ్ ఉన్న ప్లేయర్ అంట. కోచ్‌గా ఏం చేశాడు? యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్‌లో ఒక్క మ్యాచ్ గెలిచాడు. వేస్ట్." ఇక నాకు ముద్ద దిగలేదు.

ముందు ఆ గోల్డ్ సంగతి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు సెమీస్‌లో అమెరికాని 82-76తో ఓడించి, ఫైనల్లో యుగోస్లావియాని కొట్టింది. అమెరికా ఒలింపిక్స్‌కి కాలేజీ కుర్రాళ్లని పంపడం అదే ఆఖరు, 1992లో ఎన్‌బీఏ స్టార్ల డ్రీమ్ టీమ్ దిగింది. మనం తేలిగ్గా "రష్యా గెలిచింది" అనేస్తాం. కానీ ఆ జట్టులో సబోనిస్, మార్చులోనిస్, కుర్తినైతిస్, హోమిచ్యుస్ నలుగురూ అప్పట్లో సోవియట్‌లో భాగమైన లిథువేనియా వాళ్లు. మిగ్లినియెక్స్‌ది లాత్వియా. టార్టులో పుట్టిన 23 ఏళ్ల పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు) టీట్ సొక్‌ది ఎస్టోనియా. ఆ రెండూ కూడా అప్పట్లో సోవియట్‌లోవే.

1991లో ఇంకో తమాషా. సొక్ ఆడే ఎస్టోనియా క్లబ్ తాలిన్ కలేవ్ సోవియట్ లీగ్ ఛాంపియన్ అయింది. ఆగస్టుకల్లా ఎస్టోనియా స్వతంత్రం ప్రకటించుకుంది, డిసెంబరుకి సోవియట్ యూనియనే లేదు. అంటే ఆ దేశం ఆఖరి కప్పుని అందులోంచి బయటికి నడుస్తున్నవాళ్లు పట్టుకుపోయారు! ఆ తర్వాత సొక్ గ్రీస్ వెళ్లి పనాథినాయికోస్ క్లబ్‌కి ఆడాడు. మధ్యలో 1993 యూరోబాస్కెట్‌లో సొంత జెండా కింద ఎస్టోనియాకి ఆడితే జట్టు 6వ స్థానంలో నిలిచింది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. సోవియట్ కోచ్ గోమెల్‌స్కీకి ఆటగాళ్లని ఏరుకోవడానికి 28 కోట్ల జనం ఉన్నారు, పైగా ఏడడుగులు దాటిన సబోనిస్ ఉన్నాడు. 2009లో నేషనల్ టీమ్ చేతికొచ్చినప్పుడు సొక్‌కి ఉన్నది మొత్తం 13 లక్షల దేశం. మన విజయవాడని చుట్టుపక్కల ఊళ్లతో కలిపితే అంత జనం తేలతారు. అందులోంచి పన్నెండుమందిని తీసుకుని లిథువేనియా లాంటి గట్టి జట్టు మీదికి వెళ్లాలి. ఆ లెక్క వేయకుండా మెడల్స్ మాత్రం లెక్కపెడితే ఎలా బాబూ?

ఆట కూడా అదే ఆట కాదు. ఆయన ఆడే రోజుల్లో షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఉండే టైం, 30 సెకన్లు. బంతిని సగం కోర్టు దాటించడానికి 10 సెకన్లు ఉండేవి. పాయింట్ గార్డ్ నింపాదిగా బంతి తట్టుకుంటూ వచ్చి, చెయ్యెత్తి వేళ్లతో ప్లే చూపించి, జట్టులో అందరికన్నా పొడుగోడు బుట్ట దగ్గర సర్దుకునేదాకా ఆగొచ్చు. 2000 తర్వాత 24 సెకన్లు, 8 సెకన్లు అయ్యాయి. తను నేర్చుకున్న ఆ నింపాదితనాన్ని తనే కుర్రాళ్లకి వద్దని చెప్పాలి. గొప్ప ఆటగాళ్లు చాలామంది కోచ్‌లుగా బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే అని నా అభిప్రాయం.

కొడుకులు తానెల్, స్టెన్ కూడా నేషనల్ టీమ్‌కి ఆడారు. మన దగ్గరైతే ఈపాటికి నెపోటిజం అని మీమ్స్ వచ్చేసేవి. అంత చిన్న దేశంలో ప్రొఫెషనల్ గార్డులు ఎంతమంది దొరుకుతారో ముందు చెప్పండి, తర్వాత తిట్టండి.

2001 తర్వాత ఎస్టోనియా మళ్లీ యూరోబాస్కెట్ మొహం చూసింది 2015లో, సొక్ కోచ్‌గా. రీగా గ్రూపులో లాత్వియా, లిథువేనియా, చెక్, బెల్జియం, యుక్రెయిన్. అందులో యుక్రెయిన్‌ని కొట్టారు. మావాడు ఎగతాళి చేసిన "ఒక్క మ్యాచ్" ఇదే. నన్నడిగితే సియోల్ మెడల్ పక్కన ఆ స్కోర్‌షీట్ కూడా ఫ్రేమ్ కట్టించుకోవాలి.

ఇదంతా చెప్పినా మావాడు ఒప్పుకోలేదు. "అయినా ఒక్కటేగా" అంటూ నా డబ్బాలోంచి వడియాలు తీసుకున్నాడు.