ఏ రాయైతేనేం?

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్ ఊళ్లో 'ప్లిమత్ రాక్' అనే బండను చూసొచ్చినవాళ్లలో చాలామంది అనేది ఒకటే మాట: "ఇంతేనా?" ఈ మాట వినీ వినీ నాకు ఒళ్లు మండిపోతోంది. మతస్వేచ్ఛ కోసం ఇంగ్లండ్ వదిలి 1620లో మేఫ్లవర్ ఓడ దిగిన పిల్‌గ్రిమ్‌లు మొట్టమొదట కాలు మోపిన పవిత్ర శిల అది. దాని చుట్టూ గ్రీకు గుడిని తలపించే స్తంభాల మంటపం. కటకటాలు పట్టుకుని కిందికి తొంగి చూస్తే గోతిలో, ఇసుక మీద, బూడిద రంగు బండ. మీద 1620 అని చెక్కి ఉంటుంది. అడ్డంగా ఒక సిమెంటు అతుకు. ఆటుపోట్లకు సముద్రమే లోపలికి వచ్చి దాని పాదాలు కడిగి పోతుంది. ఇంకేం కావాలి?

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మన అల్లుళ్లు, ఇండియా నుంచి వేసవికి వచ్చిన అత్తమామల్ని గంటసేపు కారు నడిపి ఇక్కడికి తీసుకొస్తారు. మామగారు తొంగి చూస్తారు. ఫొటో కోసం తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టేసుకుంటారు. "దీనికి ఇంత మంటపం ఎందుకు బాబూ?" అంటారు. సంస్కారం గల అల్లుడు పార్కింగ్ టైమ్ అయిపోతోందని చెప్పి తప్పించుకుంటాడు. జవాబు చెప్పే భారం నా మీద పడింది.

ముందుగా సాక్ష్యం సంగతి. ఆ ఓడలోనే వచ్చి, చాలా ఏళ్లు గవర్నర్‌గా చేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ తమ కథంతా రాసిపెట్టాడు. చలి, జబ్బులు, అప్పులు, తగాదాలు అన్నీ ఉన్నాయి. రాయి మాత్రం లేదు. గిట్టనివాళ్లు దీన్నే పట్టుకుని వేలాడతారు. నేనడుగుతాను, ఊరెళ్లి ఇంటికి ఫోన్ చేసినప్పుడు బస్సు దిగుతూ ఏ మెట్టు మీద కాలు పెట్టారో మీరు చెబుతారా? వచ్చినవాళ్లు 102 మంది. తొలి చలికాలం గడిచేసరికి దాదాపు సగం మంది పోయారు. ఆ తిప్పల్లో రాయి ఎవరికి గుర్తుంటుంది? పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు మనవాళ్లు. కాలు మోపడానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

రాయి పేరు ప్రతిష్ఠలు మొదలైంది 1741లో, అంటే ఓడ వచ్చిన 121 ఏళ్లకు. రేవులో వార్ఫ్ (ఓడలు ఆగే కట్ట) కట్టబోతున్నారని తెలిసి థామస్ ఫాన్స్ అనే 94 ఏళ్ల చర్చి పెద్ద తల్లడిల్లిపోయాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఒడ్డుకు మోసుకొచ్చారు. ఆయన ఒక బండను చూపించి, ఇదే అన్నాడు. చిన్నప్పుడు నాన్న చెప్పాడట, ఊళ్లో పెద్దలు చెప్పారట. నాన్నగారు ప్లిమత్ చేరింది 1623లో, వేరే ఓడలో. అయితే మాత్రం? మూడేళ్లు ఆలస్యంగా వచ్చినవాడు మూడు రెట్లు శ్రద్ధగా వింటాడు. ముసలాయన రాయికి కన్నీళ్లతో వీడ్కోలు చెప్పాడు. ఊరు ఆ కన్నీళ్లను గౌరవించింది, వార్ఫ్ కూడా కట్టేసింది. రాయి నెత్తి మాత్రం పైకి కనిపించేలా వదిలారు.

ఇక చిన్నదన్న నింద. అది పుట్టుకతో చిన్నది కాదు మహాప్రభో, భక్తుల చేతిలో పడి చిక్కిపోయింది. 1774లో స్వాతంత్ర్యావేశం పొంగి, దాన్ని ఊరి నడిబొడ్డున లిబర్టీ పోల్ అనే స్వేచ్ఛాస్తంభం దగ్గరికి చేరుద్దామని ఎడ్ల జతలు కట్టి లాగారు. రాయి రెండుగా చీలింది. ఇంకొకరైతే అపశకునమని దిష్టి తీయించుకునేవారు. ప్లిమత్‌వాళ్లు మాత్రం, ఇంగ్లండ్‌తో మన బంధం ఇలాగే తెగబోతోందని సంబరపడి, పై ముక్కను తీసుకుపోయారు, కింది ముక్కను రేవులోనే వదిలేశారు. 1834 జూలై 4న పై ముక్కను ఊరేగింపుగా పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియానికి తరలిస్తుంటే బండి మీంచి పడి మళ్లీ పగిలింది. ఇంగ్లండ్‌తో బంధం అప్పటికే తెగిపోయింది కాబట్టి ఈసారి ఎవరితో తెగాలో తేలలేదు.

ఈలోగా సుత్తులు పట్టుకుని వచ్చిన యాత్రికులు ప్రసాదం తీసుకున్నట్టు తలా ఒక ముక్క చెక్కుకుపోయారు. స్మిత్‌సోనియన్ మ్యూజియంలో కొంత ఉంది, బ్రూక్లిన్‌లో ఒక చర్చిలో కొంత ఉంది. 1867కి రేవులోని ముక్క మీద ఒక గొప్ప పందిరి లేచింది. దాని పైభాగంలో, పక్కనే ఉన్న కోల్స్ హిల్ అనే గుట్ట మీద తవ్వకాల్లో బయటపడ్డ, పిల్‌గ్రిమ్‌లవని నమ్మిన ఎముకలు కూడా పెట్టారు. 1880లో పై ముక్కను తెచ్చి కింది ముక్కకు సిమెంటుతో అతికి, తేదీ చెక్కారు. మూడువందల ఏళ్ల పండుగకు ఆ పందిరీ పీకేసి, రాయిని మళ్లీ కదిలించి, ఇప్పుడున్న మంటపం కట్టారు. పిల్‌గ్రిమ్‌లు దాని మీద నడిచారో లేదో గానీ అది మాత్రం ఊరంతా తిరిగింది.

ఇంత చేసినా ప్లిమత్‌కు మనశ్శాంతి లేదు. కారణం అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న ప్రావిన్స్‌టౌన్ అనే ఊరు. మేఫ్లవర్ ముందు ఆగింది అక్కడ. వారాల తరబడి ఉండి, ఒప్పందాలు రాసుకుని, ఆ తర్వాతే ఇటు వచ్చారు. ప్రావిన్స్‌టౌన్ 1910లో 252 అడుగుల గోపురం కట్టి ఈ మాట అందరికీ వినిపించేలా చెప్పింది. పోపు పేరెత్తితే మండిపడే ప్యూరిటన్ మతస్థులైన ఈ పిల్‌గ్రిమ్‌ల గౌరవార్థం ఇటలీలోని సియెనా గోపురాన్ని నమూనాగా ఎంచుకోవడంలో ఉన్న విశాల హృదయాన్ని మెచ్చుకోవాలి. ప్లిమత్ పూర్వీకుల స్మారకం 81 అడుగులే. 150 అనుకున్నారు, డబ్బు కుదరలేదు. ఇళ్ల మధ్య వీధిలో నిలబడి, ఆకాశంలోకి వేలు చూపిస్తూ ఉంటుంది పాపం. టూరిస్టులు దానికి ఒక కిలోమీటరు దూరంలోనే ఐస్‌క్రీమ్ తిని వెళ్లిపోతారు.

కోల్స్ హిల్ మీద ఇంకొకాయన ఉన్నాడు. అక్కడి ఆదివాసులైన వాంపనోగ్‌ల నాయకుడు మసాసోయిట్, 1621లో వీళ్లతో సంధి చేసుకుని బతకనిచ్చినవాడు. 1921లో ఆయనకు కంచు విగ్రహం పెట్టించింది రెడ్ మెన్, అంటే ఆదివాసులు, అని పేరు పెట్టుకున్న సంఘం. అప్పట్లో అందులో తెల్లవాళ్లకు మాత్రమే సభ్యత్వం ఉండేది. 1970లో, ఓడ వచ్చిన 350 ఏళ్ల విందులో మాట్లాడమని ప్రభుత్వంవాళ్లు వాంపనోగ్‌లలో ఒకరైన వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచారు. ప్రసంగం ముందే తెప్పించుకుని చదివి కంగారుపడ్డారు. ఇది కాదు, మేం రాసిచ్చింది చదవండన్నారు. ఆయన విందు మానేసి ఆ విగ్రహం దగ్గరే నిలబడి మాట్లాడాడు. అప్పటినుంచి ఏటా పిల్‌గ్రిమ్‌ల పేరు చెప్పుకుని జరుపుకునే థాంక్స్‌గివింగ్ పండుగ రోజున అక్కడ శోకదినం జరుగుతోంది. 1997లో ఆ ఊరేగింపులో పోలీసులు అరెస్టులు చేశారు. కేసు ముదిరి, 1998లో రాజీ కుదిరి, ఊళ్లో రెండు కొత్త ఫలకాలు వెలిశాయి.

అందులో ఒకటి మసాసోయిట్ కొడుకు మెటాకామ్ గురించి. 1676లో, వలసవాళ్లతో జరిగిన యుద్ధంలో ఆయన్ని చంపి, తల నరికి తెచ్చి, ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఇరవై ఏళ్లకు పైగా ఉంచారు. ఈ విషయంలో వాళ్ల నాన్న చెప్పాడు, వీళ్ల తాత చెప్పాడు అన్న పేచీయే లేదు, ఆనాటివాళ్లే రాసిపెట్టుకున్నారు. అయినా ఫలకం రావడానికి 322 ఏళ్లూ, లాయర్లూ కావలసివచ్చారు. తొందరపడి చరిత్ర రాయకూడదన్న ఊరి నిగ్రహానికి ఇంతకంటే ఏం నిదర్శనం కావాలి?

ఒక్క చిన్న లెక్క మాత్రం చెప్పాలి. ఆ గుంజ నాటినప్పుడు మన థామస్ ఫాన్స్‌కు ముప్పై ఏళ్ల లోపు. ఆ తల కిందుగా ఎన్ని ఆదివారాలు చర్చికి వెళ్లి ఉంటాడో. 1741లో కుర్చీలో మోసుకొచ్చిన రోజున ఆయన్ని ఎవరైనా ఆ చోటు కూడా చూపించమని ఉంటే, విన్నది కాదు, కళ్లారా చూసింది చెప్పగలిగేవాడు. అలా అడిగినట్టు ఎక్కడా లేదు. వార్ఫ్ కట్టడానికి ఆ గుంజ అడ్డం రాలేదు మరి.