మునిగినా తేలినా నీళ్లే

పెళ్లిచూపుల టీకి ఒక రాజ్యాంగం ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ మీరిన ఇల్లూ లేదు. మగపెళ్లివారు సోఫాల్లో సర్దుకుంటారు. ఎండల గురించి, ట్రాఫిక్ గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకుంటారు. లోపల గ్లాసుల చప్పుడవుతుంది. ముందు అల్లం వాసన వస్తుంది, వెనకాల అమ్మాయి వస్తుంది. టీ బాగుంటే "మా అమ్మాయే పెట్టిందండీ" అంటారు. బాగాలేకపోతే "పనమ్మాయి కొత్తదండీ" అంటారు. ఎవరి పరువూ పోదు.

మొన్న కూకట్‌పల్లిలో ఈ రాజ్యాంగాన్ని రద్దు చేసేశారు.

అబ్బాయి తరఫున ఒక పెద్దమనిషి ఉండాలని నన్ను పట్టుకెళ్లారు. ఆకాశంలో ఎక్కడో ఉన్న ఫ్లాటు. ట్రే వచ్చింది. ట్రేలో పింగాణీ కప్పులు, కప్పుల్లో వేణ్ణీళ్లు, పక్కన నగిషీ చెక్కిన పెట్టె. నగలేమోనని అబ్బాయి తల్లి కాస్త ముందుకు జరిగింది. మూత తీస్తే రంగురంగుల కాగితం పొట్లాలు, వాటిల్లో టీ బ్యాగులు.

"ఏది ఇష్టమైతే అది తీసుకోండి అన్నయ్యగారూ. ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ ఉంది, ఎర్ల్ గ్రే ఉంది" అంది అమ్మాయి తల్లి, టీ రకాల పేర్లు చదువుతూ.

"బ్రేక్‌ఫాస్ట్ ఇంటి దగ్గరే కానిచ్చి వచ్చామమ్మా" అన్నాడు అబ్బాయి తండ్రి, మర్యాదగా.

ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. జీవితమంతా ఇంకొకరు పెట్టిన టీ తాగి, వంకలు పెట్టి బతికిన మనిషి. పొట్లం చింపి, దారంతో చీటీతో సహా కప్పులో పడేశాడు. ఆ సంగతి నలుగురూ గమనించాక చెంచాతో వెతకడం మొదలెట్టాడు. సంచి దొరికింది, చీటీ దొరకలేదు. చీటీ దొరికేసరికి సంచి జారింది. చివరికి రెండు వేళ్లూ పెట్టి, కాలి, "అబ్బా" అని కేకేసి, దాన్ని పైకి లాగాడు. తడిసిన ఎలుకపిల్లలా వేలాడుతోంది. ఇప్పుడు దాన్నెక్కడ పెట్టాలి? సాసర్లు లేవు. టీపాయ్ మీద తెల్లటి లేసు గుడ్డ. ఎదురుగా మిక్చరు ప్లేటు. మూడుసార్లు దాన్ని మిక్చరు దాకా తీసుకెళ్లి, మూడుసార్లూ అంతరాత్మ ఒప్పుకోక వెనక్కి తెచ్చాడు. లేసు గుడ్డ మీద గోధుమరంగు చుక్కలు బారులు తీరాయి. అమ్మాయిని అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆయన మరిచిపోయాడు.

అసలు ప్రళయం ఇవతల సోఫాలో జరిగింది. అబ్బాయి తల్లికి పెట్టెలో ఎర్రటి పొట్లం నచ్చింది. పైన మందారపువ్వు బొమ్మ. ఆ బొమ్మ పూజకు కోసుకునే మందారానిది కాదు, దాని దాయాదిది. చక్కగా మన ఎర్ర గోంగూర. కాయల చుట్టూ ఉండే దళసరి ఎర్ర రేకులను ఎండబెట్టి, పొడిచేసి, సంచిలో కుట్టి, మనకే అమ్ముతున్నారు. ఆవిడకు పాపం ఇదంతా ఏం తెలుసు? టీ అన్నారు కదా అని అందులో పాలు పోసింది. గోంగూరలో పాలు పోస్తే ఏమవుతుందో గుంటూరులో చంటిపిల్లాణ్ని అడిగినా చెప్తాడు. పెళ్లిచూపుల్లో, పెద్దల సమక్షంలో, వర్జ్యం లేని వేళ చూసుకుని వచ్చాక, పాలు విరిగాయి.

హాల్లో ఎవరూ ఊపిరి పీల్చలేదు. పురోహితులవారు గోడ గడియారం వైపు చూశారు.

సంబంధం కుదిరిందా లేదా అన్నది మీకనవసరం. కుదరకపోతే మాత్రం అమ్మాయి తప్పు కాదు, అబ్బాయి తప్పూ కాదు. అయినా నాకొక ధర్మసందేహం మిగిలింది. టీ బాగుందని ఎవరితో అనాలి? ఎవరి టీ వాళ్లే పెట్టుకున్నాం కదా!

టీ బ్యాగుతో మంచి టీ అవుతుందా అన్న ప్రశ్నను ఇక నిష్పక్షపాతంగా విచారిద్దాం. తీర్పు మీకూ నాకూ ముందే తెలుసు. అయినా ముద్దాయికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

1901లోనే అమెరికాలో మిల్వాకీకి చెందిన ఇద్దరు మహిళలు, ఒక్క కప్పుకు సరిపడా టీ ఆకు పట్టే గుడ్డసంచికి పేటెంట్ అడిగారు. 1903లో వచ్చింది. పేరు మాత్రం న్యూయార్క్ టీ వ్యాపారి థామస్ సలివన్ కొట్టేశాడు. 1908 ప్రాంతంలో ఆయన శాంపిళ్లను చిన్న పట్టుసంచుల్లో పంపితే, కొన్నవాళ్లు విప్పకుండా అలాగే వేణ్ణీళ్లలో ముంచేశారని కథ. ఆ కథే నిజమైతే, ప్యాకింగ్ విప్పడానికి బద్ధకించిన వాళ్ల పొరపాటును నూరేళ్లకు పైగా నాగరికతగా చెలామణి చేస్తున్నామన్నమాట.

టీ బ్యాగును తిట్టేవాళ్లందరూ ఒక రాయి తప్పకుండా విసురుతారు: "అందులో ఉండేది టీ ఆకు కాదు, ఊడ్చిన దుమ్ము" అని. ఇది అన్యాయం. టీ వ్యాపారంలో డస్ట్ అనేది అన్నిటికంటే సన్నపొడికి ఇచ్చే గ్రేడు పేరు, చీపురుతో ఊడ్చింది కాదు. పైగా మన చౌరస్తా బండిమీద, మనింటి డబ్బాలో ఉండేదీ ఎక్కువగా ఆ సన్నపొడే. దుమ్ము అక్కడా ఇక్కడా ఒకటే. ఒకచోట దాన్ని మరిగిస్తారు, ఇంకోచోట స్నానం చేయిస్తారు. తేడా అంతే.

ఇంగ్లాండులో ఇంటింటా టీ బ్యాగే కదా అంటారు. నిజమే. అక్కడ సలసల కాగిన నీళ్లు పోస్తారు, కొన్ని నిమిషాలు వదిలేస్తారు, పైన చెంచాడో రెండు చెంచాలో పాలు చిలకరిస్తారు. వాళ్ల నాలుకకు అది టీ. మనకు గ్లాసులో సగం పాలుండాలి. పాలలోని ప్రొటీను టీలోని వగరును పట్టేసి మెత్తబరుస్తుంది. అన్ని పాలకు ఎదురు నిలవాలంటే డికాషన్ మొండిగా ఉండాలి, అందుకు నిప్పు కావాలి. ఇరానీ హోటల్లో చూడండి. మూత బిగించిన పాత్రలో డికాషన్ ఒకవైపు గంటల తరబడి దమ్ మీద ఉడుకుతుంది, ఇంకోవైపు పాలు మీగడ కట్టేదాకా కాగుతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. అంత తపస్సును రెండు గ్రాముల పొడితో, గోరువెచ్చటి నీళ్లలో, ముప్పై సెకన్లలో, దారం పట్టుకుని పైకీ కిందకీ ఊపి సాధిస్తానంటాడు మనవాడు. ఊపితే టీ అవుతుందని ఎవరు చెప్పారు? రుచి చూసేవాళ్లు అన్నిచోట్లా ఒకేలా టీ కాచుకోవడానికి 1980లో ఐఎస్‌ఓ 3103 అని అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. వంద మిల్లీలీటర్లకు రెండు గ్రాముల ఆకు, కాగిన నీళ్లు, ఆరు నిమిషాలు. ఊపమని అందులోనూ లేదు.

ఇక రైల్లో ఇచ్చేది. ఫ్లాస్కులోంచి పోసిన నీళ్లు, పాలపొడి పొట్లం, చక్కెర పొట్లం, టీ సంచి, వీటన్నిటినీ కలపడానికి అగ్గిపుల్ల కంటే కాస్త పొడుగైన పుల్ల. రైలు ఊగుతుంది కాబట్టి కలపడం దానంతటదే జరిగిపోతుందని ధీమా కాబోలు. పాలపొడి ఉండలు పైన తేలుతూ కాజీపేట దాకా తోడొస్తాయి.

పట్టులా మెరిసే పిరమిడ్ సంచుల్లో చాలావరకు ప్లాస్టిక్కేనన్న సంగతి కూడా చెప్పాలి. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో లెక్కేస్తే, 95 డిగ్రీల వేడిలో అలాంటి ఒక్క సంచి నుంచి దాదాపు 1,160 కోట్ల ప్లాస్టిక్ సూక్ష్మకణాలు కప్పులోకి దిగాయి. టీ దిగడానికే బద్ధకం.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం, బాగుంది. హైదరాబాదులో ఒక ఆఫీసు. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఒకావిడ టీ తెచ్చేది. అందరూ అక్కా అనేవాళ్లు. షుగరున్నదెవరికో, సగం గ్లాసు చాలనేదెవరో, జలుబు చేసి ఇంకాస్త అల్లం కావాల్సిందెవరికో ఆవిడకు తెలుసు. ఒక సోమవారం అందరికీ మెయిల్ వచ్చింది. పరిశుభ్రత కోసం, ఉద్యోగుల ఛాయిస్ కోసం కొత్తగా బెవరేజ్ స్టేషన్ పెడుతున్నామని. అంటే ఒక వేణ్ణీళ్ల మిషను, ఒక టీ బ్యాగుల డబ్బా. అక్క సంగతి అందులో ఒక్క ముక్క లేదు. తీసేసింది మేం కాదు, కాంట్రాక్టరు అంది కంపెనీ. కంపెనీ వద్దంది, నేనేం చేయను అన్నాడు కాంట్రాక్టరు. ఏళ్ల తరబడి అందరి గొంతు తడిపిన మనిషిని పంపేసింది ఎవరో చెప్పే దిక్కు లేదు.

పరిశుభ్రత అట! ఏమైంది ఆ చేతులకు? రోజూ గిన్నె తళతళా తోమి బోర్లించి వెళ్లిన చేతులవి. మురికి మీ మెయిల్‌లో ఉంది. ఒక మనిషి జీతం మిగుల్చుకుని, ఆవిడ పని ఉద్యోగి నెత్తిన వేసి, దానికి ఛాయిస్ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. ఆ వారమే మీటింగులో పెద్దసారు "మనమంతా ఒకే కుటుంబం" అన్నాడు. చేతిలో దారం వేలాడుతున్న కప్పు. సారూ, మీ కుటుంబంలో టీ ఎవరు పెడతారు?

అప్పటినుంచి ఆ ఆఫీసు జనం పదకొండింటికి గుంపుగా లిఫ్టు దిగి, రోడ్డు దాటి, బండి దగ్గర నిలబడి వన్ బై టూ తాగొస్తున్నారు. పోయిరావడానికి అరగంట. మిగిలిన జీతం ఎంతో, పోయిన అరగంటలు ఎన్నో లెక్క వేసుకునే తెలివి ఆ మెయిల్ రాసినవాళ్లకు ఉంటే బాగుండేది.

ఆపద్ధర్మం మాటేమిటని అడుగుతారు. ఊరుకాని ఊరు, హోటల్ గది, రాత్రి పన్నెండు, తలనొప్పి. ట్రేలో రెండే రెండు టీ సంచులు. సరే, వినండి. రిసెప్షన్‌కు ఫోన్ చేసి ఇంకో రెండు తెప్పించండి. నాలుగూ చింపండి. పొడి మొత్తం కెటిల్లో పోసి పొంగించండి, ఆగాక మళ్లీ పొంగించండి. చేతిరుమాలులో వడకట్టండి, ఆ రుమాలు మీద ఆశ వదులుకోండి. కెటిల్ మీద "ఇందులో పాలు కాచరాదు, కాచినచో జరిమానా" అని చీటీ అంటించి ఉంటుంది. చదివి భయపడొద్దు. మీకంటే ముందు ఆ గదిలో దిగిన మనవాళ్లెవరో కాచబట్టే ఆ చీటీ పుట్టింది. జరిమానా ఎంతో ముందే కనుక్కుని, పాలు పొయ్యండి.