ఆర్గ్ మోడ్ వారికి పర్లాకిమిడి నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ ఆర్గ్ మోడ్ గారి సముఖమునకు, గజపతి జిల్లా పర్లాకిమిడిలో పాత దస్తావేజులు చదివి వారసుల జాబితాలు తయారుచేసుకుని బతికే ఒక లేఖరి నమస్కరించి వ్రాసుకునే అర్జీ ఏమనగా:

కంప్యూటరులో రాతలను శీర్షికలుగా, వాటి కింద ఉపశీర్షికలుగా అమర్చిపెట్టే సాధనం తమరు; తమరి వంశం గొప్పదని మాకు తెలియనిది కాదు. శీర్షికలను మడిచి, విప్పి చూపే విద్యను 1968లోనే డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే కంప్యూటర్ పరిశోధకుడు ఇంటి సరుకుల చీటీ ఒకటి తెరమీద పెట్టి లోకానికి ప్రదర్శించారు. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తమరిని సృష్టించారు; 2007లో ఈమాక్స్ అనే రాత సాఫ్ట్‌వేర్ 22వ వెర్షన్‌తో పాటు తమరు ఆ ఇంటి మనిషైపోయారు. నక్షత్రాలతో పనిచేసే వారి చేతిలో పుట్టినందుకేనేమో, తమరి దగ్గర మనిషి తరం కూడా నక్షత్రాల లెక్కే: వరుస మొదట ఒక నక్షత్రం గుర్తు (*) ఉంటే తాత, రెండుంటే కొడుకు, మూడుంటే మనవడు.

మా ఊరు 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలోకి వచ్చింది. అందువల్ల ఇక్కడ తాతల పారీఖత్తు (ఆస్తి పంపకాల పత్రం) తెలుగులో, మనవల పట్టా ఒడియాలో ఉంటుంది. దాయాదుల్లో సగం మంది సరిహద్దు అవతల పాతపట్నంలో ఉంటారు. ఇటువంటి కుటుంబాన్ని ఒక్క ఫైలులో నిలబెట్టడానికి తమరిని మించిన సాధనం నాకు కనిపించలేదు. ట్యాబ్ నొక్కితే ఒక్క శాఖ ముడుచుకుంటుంది, షిఫ్ట్ కలిపి నొక్కితే వంశమంతా ముడుచుకుంటుంది. షిఫ్ట్ అంటే మరింత పెద్ద మేర అన్నమాట అని మావంటివారు సంతోషించి, ఆ సూత్రాన్నే నమ్ముకుని ఆల్ట్ కీ దగ్గరికి వస్తాం.

అక్కడ తమరి న్యాయం ఎలా ఉందో మనవి చేస్తాను. తాత కింద అన్న, తమ్ముడు ఉన్నారనుకోండి. ఇద్దరికీ చెరి ఇద్దరు కొడుకులు. తమ్ముడి వరుసమీద కర్సరు ఉంచి ఆల్ట్‌తో పైబాణం నొక్కితే ఆయన పెళ్లికి బయలుదేరినట్టు పిల్లాపాపలతో సహా కదిలి అన్నకు పైన కూర్చుంటాడు. అదే ఆల్ట్‌తో కుడిబాణం నొక్కితే మాత్రం ఆయనొక్కడే ఒక నక్షత్రం కిందికి దిగుతాడు, కొడుకులు ఉన్నచోటే ఉంటారు. ఇప్పుడు మూడు నక్షత్రాల తమ్ముడు అన్నకు మూడో కొడుకు, ఆయన కొడుకులిద్దరూ ఆయనకు సొంత తమ్ముళ్లు. తాత ఆస్తిలో రెండు వాటాలుండవలసిన చోట ఒకే వాటా మిగిలింది, దానికి వారసులు ఐదుగురు. నక్షత్రాలన్నీ వ్యాకరణం ప్రకారమే ఉన్నాయి కనుక తమరు కిమ్మనరు. పిల్లలు మడతలో ఉన్నప్పుడు అదే కుడిబాణం నొక్కితే మాత్రం, ‘ఇక్కడ దాగిన శాఖ ఉంది, ట్యాబ్‌తో విప్పండి లేదా షిఫ్ట్ కలిపి నొక్కండి’ అని తమరు మందలిస్తారు. అంటే పిల్లలు కనబడకపోతే వారిమీద తమరికి జాలి, కళ్లెదుట నిలబడితే లేదు.

షిఫ్ట్ సంగతి ఇంకా విచిత్రం. ఆల్ట్, షిఫ్ట్ రెండూ పట్టుకుని కుడికో ఎడమకో వెళితే కుటుంబమంతా కదులుతుంది. ఇంతవరకు సూత్రం నిలిచింది. అవే రెండు పట్టుకుని పైకి వెళితే ఆ ఒక్క వరుసే పైకి జరుగుతుంది. తమ్ముడి వరుస అలా ఒక మెట్టు ఎక్కగానే, దానికి పైనున్న అన్నగారి చిన్నకొడుకు కిందికి జారి తమ్ముడికి పెద్దకొడుకవుతాడు. దత్తహోమం లేదు, పెద్దమనుషులు లేరు, స్టాంపు కాగితం అంతకన్నా లేదు. ఇక ఆ కీలనే పట్టికలో పైబాణంతో నొక్కితే వరుసకు వరుసే తుడిచిపెట్టుకుపోతుంది.

తమరి పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. తండ్రి వరుసను ఒంటరిగా పైకి లాగితే పిల్లలు ఎవరి కింద పడతారో చెప్పలేం కనుక, ఆ దిశలో కుటుంబాన్ని కలిపి నడపడం తెలివైన పనే. స్థాయి మార్చేటప్పుడు శీర్షిక ఒక్కదానికే పని పడే సందర్భాలూ ఉంటాయి. కానీ పైదిశలో పనికివచ్చిన ఆ ఆలోచన కుడిదిశలో ఎందుకు పనికిరాలేదు? ఏ కీ దేనిని కదుపుతుందన్నది దిశను బట్టి మారితే, చెయ్యి నేర్చుకునేది అలవాటు కాదు, మినహాయింపుల పట్టీ.

నచ్చకపోతే కీలు మార్చుకోమని తమరి భక్తులు సెలవిస్తారు. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు ముక్కలు రాస్తే ఏదైనా మారుతుందట. మారుతుంది, నేను కాదనను. అయితే నా యంత్రంలో నేను మార్చుకుంటే పక్క బల్లమీద నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడి యంత్రంలో పాత ధర్మమే నడుస్తుంది. ఒకే కుటుంబం నా బల్లమీద ఒక విధంగా, వాడి బల్లమీద మరో విధంగా చీలుతుంది. తహసీల్దారు కచేరీలో వారసత్వ ధ్రువపత్రం అడిగేవారికి ఆ రెండింటిలో ఏది చూపించాలి?

కాబట్టి నా ప్రార్థన స్వల్పం. ఆల్ట్ ఒక్కటే పట్టుకుంటే ఏ దిశలోనైనా శాఖ మొత్తం కదలాలి; షిఫ్ట్ కలిపితే ఏ దిశలోనైనా ఆ శీర్షిక ఒక్కటే కదలాలి. షిఫ్ట్ అంటే పెద్ద మేర అన్న సూత్రమే తమరికి ఇష్టమైతే తలకిందులుగానైనా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. నాలుగు దిక్కులకూ ఒకటే చట్టం ఉంటే చాలు. తుడిచివేతకు కదలికతో సంబంధం లేని వేరే కీ ఇప్పించండి.

ఈ అర్జీని ఫైలులో చేర్చుకునేటప్పుడు కర్సరు వరుస చివర ఉందో లేదో ఒకసారి చూసుకోవలసిందిగా కోరుతున్నాను. మధ్యలో ఉండగా ఆల్ట్‌తో ఎంటర్ నొక్కితే తమరు శీర్షికను అక్కడికక్కడే రెండుగా కోస్తారు. అర్జీ ఒక శీర్షిక, అర్జీదారు ఇంకో శీర్షిక అయిపోతే జవాబు ఎవరికి పంపాలో తమరికే తెలియదు.

ఇట్లు,
తమరి విధేయుడు