స్టోన్‌హెంజ్ చుట్టూ కట్టిన తాడు గారికి

అయ్యా తాడు గారూ, నమస్కారం.

మొన్న శనివారం తమరి దర్శనం అయింది. వచ్చింది ఇంగ్లండులోని ఆ పాతకాలపు రాళ్ళ వలయం కోసమే, కానీ దగ్గరగా కనిపించింది తమరొక్కరే. వానకి నానిపోయి, పొట్టి కడ్డీల మధ్య వేలాడుతూ, మోకాలి ఎత్తు కూడా లేరు. మా నాలుగేళ్ళ పిల్ల కూడా దాటేయగలదు. అయినా మా మామయ్య గారు ఒక కాలు అటు వెయ్యబోయారో లేదో, ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఒకాయన "సర్, ప్లీజ్" అంటూ వచ్చేశాడు. ఆ ప్లీజ్‌కి నాకు ఒళ్ళు మండింది.

మామయ్య గారేం రాయి పెకలించుకుపోదామని రాలేదండీ. తెలంగాణలో మక్తల్ వైపు మనిషి, అక్కడి ముడుమాల్ పురాతన నిలువురాళ్ళ మధ్య తిరిగినవారు. పాత రాయి కనిపిస్తే చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుంటారు, అంతే.

మిగతావన్నీ వదిలేశాను. పక్కనే పోయే ఏ303 రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని కారులోంచి ఫ్రీగా చూసిన రాళ్ళకే మళ్ళీ టికెట్ కొన్నాం. ఆ రోడ్డుని సొరంగంలోకి దించుతామని ఏళ్ళతరబడి ఊరించి 2024లో చేతులెత్తేశారు. టికెట్ ఇచ్చే చోటు నుంచి రాళ్ళ దాకా రెండు కిలోమీటర్ల పైమాటే, దానికో బస్సు. గాలికి గొడుగు పోయింది. పోనీ.

కానీ మీ సంగతి మాత్రం వదల్లేను. జనం రాళ్ళెక్కి కూర్చుని, తొక్కి తొక్కి అంతా అరగదీస్తున్నారని 1977లో మిమ్మల్ని కట్టారు. న్యాయమే. రాళ్ళ మీద పాచిలా పెరిగే లైకెన్లు డెబ్భై రకాల పైన ఉన్నాయి, చెయ్యి తగిలితే పాడవుతాయి. అదీ న్యాయమే. మరి 1797లో కూలిన రాళ్ళని 1958లో క్రేన్లు పెట్టి లేపి, కాంక్రీటు పోసి నిలబెట్టారే, ఆ క్రేన్‌కి ఎవరైనా "సర్, ప్లీజ్" అన్నారా? వలయంలోని చిన్న రాళ్ళు, నీలిరాళ్ళంటారే, అవి వేల్స్ కొండల నుంచి 240 కిలోమీటర్లు వచ్చాయి. మధ్యలో పడుకున్న బలిపీఠం రాయిదైతే స్కాట్లాండ్ ఈశాన్యపు మూల అని 2024లో తేల్చారు, ఏడు వందల కిలోమీటర్లకి పైనే. అంత దూరం మోసింది మనుషుల చేతులే కదా! ఎన్ని వేల చేతులు పడ్డాయో తెలియని రాయికి ఒక్క ముసలాయన చెయ్యి బరువైపోయిందా నీకు?

అవును, నీకే. ఇంక మీరు గీరు లేదు. ఎక్కువ డబ్బు కడితే జనం రాకముందే నిన్ను దాటించి లోపలికి తీసుకెళ్తారట. ముట్టుకోవద్దని అక్కడా చెప్తారట, అది వేరే సంగతి. టికెట్ రేటు పెరిగితే నేల అరగడం తగ్గుతుందన్నమాట. 1915లో సెసిల్ చబ్ అనే ఆయన ఈ రాళ్ళని వేలంలో 6,600 పౌండ్లకి కొని, మూడేళ్ళకి దేశానికి రాసిచ్చేశాడు. ఇచ్చిన మహానుభావుడే ఇచ్చేస్తే మధ్యలో నువ్వెవరు?

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, ఫోటోలో కనపడవు. వాట్సాప్‌లో చూసి మక్తల్‌లో చుట్టాలంతా "ముట్టుకున్నావా, ఎట్లుంది?" అని ఒకటే అడగడం. "సల్లగుంది" అని పెట్టారు మామయ్య గారు.

ఏటా జూన్‌లో పగలు బాగా పొడుగయ్యే రోజున నిన్ను పక్కన పెట్టేసి వేలమందిని ఊరికే లోపలికి వదులుతారని తెలిసింది. డప్పులు కొడతారట, రాళ్ళని కౌగిలించుకుంటారట. మామయ్య గారి వీసా మే నెలాఖరుతో అయిపోతుంది.