బడి మాన్పిస్తేనే పిల్లలకి పని వస్తుందా?

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మా కాలంలో పిల్లలందరం పొలంలో కష్టపడ్డాం, అందుకే మాకు పని విలువ తెలుసు. ఇప్పుడు తండ్రి వెంట పొలానికెళ్లినా కేసే. గాంధీ గారే పనితో చదువన్నారు. బడి మానినా పర్లేదు, పిల్లల్ని పొలం పంపండి" అని. వ్యవసాయం చేసే ఇంట్లో పిల్లల్ని పెంచుతున్నాను, పొలం చాలా నేర్పుతుందని గట్టిగా నమ్ముతాను, అందుకే ఊరుకోలేకపోతున్నా.

ముందు ఆ కేసు సంగతి. అది అబద్ధం. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, 14 ఏళ్ల లోపు పిల్లలు బడి అయ్యాకో సెలవుల్లోనో సొంతింటి పనిలో సాయం చేయొచ్చని అందులోనే రాశారు. ప్రమాదమైన పని కాకూడదు, చదువు దెబ్బతినకూడదు, అంతే.

"పిల్లలందరం" అంటే ఎవరండీ? సొంత పొలం ఉన్న ఇంటి పిల్లలు సెలవుల్లో నాన్న వెంట వెళ్లారు, నిజమే. అదే ఊళ్లో ఇంటి అప్పు కింద జీతానికి కుదిరి పసులు కాసిన పిల్లలు బడి గడపే తొక్కలేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం ఊరికే రాలేదు.

కష్టపడితే చాలు అదే నేర్పుతుంది అనడం ఇంకా పెద్ద తప్పు. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ పని, అంటే ఒక రకం పువ్వుకి ఇంకో రకం పుప్పొడి చేత్తో అంటించే పని, చేసినవాళ్లని అడగండి. మర్నాడు విచ్చుకునే మొగ్గని సాయంత్రం వెతికి, గిల్లి, లోపల మగ భాగం తీసేయాలి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి, ఒక్కో మొగ్గకీ ఇదే, సీజనంతా ఇదే. తక్కువ కూలికి వస్తారని ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టారు, అదీ పురుగుమందు కొట్టిన చేలో. అంత కష్టపడ్డ పిల్లకి వచ్చిన విద్యేంటి? ఉన్న బడి కూడా పోయింది. ఇలా పనిలో ఇరుక్కున్న పిల్లల్ని బడికి తేవడానికే శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగారు, 2003లో ఆవిడకి మెగసెసే అవార్డు వచ్చింది.

ఇక గాంధీ గారు. 1937 వార్ధా సభలో అనుకున్నది చేతిపనిని బడిలోనే పెట్టి దాని చుట్టూ చదువు చెప్పాలని. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య కూడా ఆ తీర్మానాల్లోనే ఉంది.

మరి పొలం ఎలా నేర్పుతుందంటే, మా ఇంట్లో వడ్ల మొలక పరీక్ష పిల్లల పని. 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ, వారం తర్వాత విప్పి లెక్కపెడతారు. 80 కంటే తక్కువ మొలిస్తే అది విత్తనానికి పనికిరాదు. పోయినసారి మా చిన్నది 71 అంది, వాళ్ల నాన్న నమ్మక మళ్లీ లెక్కపెట్టమంటే మళ్లీ 71 అనే చెప్పింది, గట్టిగా నిలబడింది. ఆ బస్తా పక్కన పెట్టి వేరే విత్తనం తెచ్చాం. తన లెక్క మీద ఇంటి పంట ఆధారపడిందని దానికి తెలిసింది, ఇప్పుడు ఏ పని చెప్పినా రెండుసార్లు చూసుకుంటుంది. దీనంతటికీ పట్టింది బడి నుంచొచ్చాక సాయంత్రం కాసేపే, ఒక్క పూట కూడా మానలేదు.